చేతులు కడిగించే ఉద్యోగానికి పట్టా ఏది?

1921 వేసవిలో చీరాల, పేరాల ఊళ్లు ఖాళీ అయ్యాయి. నేతగాళ్లు, వ్యాపారులు, కూలీలు ఇళ్లు వదిలి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకీ వానకీ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఆయన వాలంటీర్ల దళం రామదండు, బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని చీరాల వచ్చిన గాంధీజీ... ఈ కథ మనందరికీ బడి పుస్తకాల్లోంచే తెలుసు. అసలు తగవు దేని మీద పుట్టిందో మాత్రం అంతగా గుర్తుపెట్టుకోం. అది పుట్టింది పారిశుద్ధ్యం మీద.

రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేస్తే తప్ప మురుగు, మంచినీళ్లు, జబ్బుల సంగతి చూడలేమని మద్రాసు ప్రభుత్వం వాదించింది. ఏటా 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలకు పోతుంటే, మగ్గం మీద బతికే ఊరు ఎక్కడి నుంచి తెచ్చి కడుతుందని జనం అడిగారు. మాది ఇసుక నేల, మా బావులు మాకున్నాయి, మీ మునిసిపాలిటీ మాకొద్దు అన్నారు. పన్ను కట్టని వాళ్లను జైలుకు పంపారు. వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు.   

ఆ పోరాటంలో స్వాతంత్ర్య చరిత్రతో పాటు ఇప్పటికీ తెగని ప్రశ్న ఒకటుంది. శుభ్రత పేరు చెప్పి పెత్తనం అడిగేవారికి ఆ పని వచ్చా? వచ్చని ఎవరు పరీక్షించారు? ఊరి పారిశుద్ధ్యానికి ఆ తర్వాత చదువులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. ఆసుపత్రి లోపలి శుభ్రత విషయంలో మాత్రం మనం సగం దారిలోనే ఆగిపోయాం.

ఈ ప్రాంతానికి ఆధునిక ఆసుపత్రి వచ్చింది ఆడవాళ్ల చేతుల మీదుగా. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఆమెను వైద్యురాలిగా పంపడానికి కూడా మిషన్ ఒప్పుకోలేదు, బోధనకని పంపింది. ఆమె ముందు డిస్పెన్సరీ పెట్టి, 1890ల చివరికి ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి లేపారు. 1930లో కన్నుమూసేదాకా గుంటూరే ఆమె ఊరు. ఆమెతో పనిచేసిన డాక్టర్ మేరీ బేర్ చీరాలలో మిషన్ ఆసుపత్రి నడిపారు. యాంటీబయాటిక్ అన్న మాటే లేని కాలం అది. పురుడు పోసుకున్న తల్లికి చలిజ్వరం వస్తే వైద్యుల దగ్గర మందు లేదు. వేడినీళ్లు, సబ్బు, కాచిన గుడ్డలు, కార్బాలిక్ ద్రావణం, వాటిని పొరపాటు లేకుండా వాడే నర్సు, అంతే. అందుకే మిషన్ ఆసుపత్రులు డాక్టర్లతో ఆగక నర్సులకు కూడా చదువు చెప్పాయి. చేతులు ఎందుకు కడగాలో తెలిసిన మనిషి వార్డులో ఇరవై నాలుగు గంటలూ ఉండాలని అవి అనుభవం మీద గ్రహించాయి.

ఆ గ్రహింపు చట్టం రూపం ఎత్తింది 1926లో. అది మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం. ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు వచ్చాయి. శిక్షణ పొంది పరీక్ష పాసైతేనే రిజిస్టరులో పేరు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఆ చట్టం పేరు మార్చుకుని మనతోనే వచ్చింది. ఇవాళ చీరాల వార్డులో సెలైన్ పెట్టే స్టాఫ్ నర్సు ఉద్యోగానికి మూలం అక్కడుంది. ఆమె చేయి పట్టుకుని సూది గుచ్చుతుంటే మనం భయపడకపోవడానికి ఒక కారణం ఆ రిజిస్టరు.

ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చింది. 1948లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో వెలువడిన ఆరియోమైసిన్ వచ్చింది. మందు ఉంది కదా అని ప్రపంచమంతా ఊపిరి పీల్చుకుంది. చేతులు కడిగే పట్టుదల సడలింది. 1950లలో మందుకు లొంగని స్టఫిలోకాకస్ ఆసుపత్రుల్లోనే పుట్టి పెరిగి, ఆసుపత్రుల్లోనే ప్రాణాలు తీసింది. అప్పుడు ఇంగ్లండులోని టోర్బే ఆసుపత్రి ఒక పని చేసింది. 1959లో కాట్రెల్ అనే నర్సును మామూలు వార్డు పని నుంచి తప్పించి, ఇన్ఫెక్షన్ల లెక్క చూడడమే ఆమె ఉద్యోగం చేసింది. ప్రపంచంలో మొదటి ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఆమే. డాక్టర్లలో కొందరికి అది నచ్చలేదు. మా థియేటర్‌లో తప్పులు పట్టడానికి నర్సు ఎవరని అడిగారు. ఆ ప్రశ్న ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వినబడుతూనే ఉంది.

దానికి జవాబు అంకెల్లో వచ్చింది. అమెరికాలో 338 ఆసుపత్రుల్లో జరిపిన సెనిక్ అనే అధ్యయనం ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. 250 పడకలకు ఒక ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, ఆ విద్య తెలిసిన ఒక డాక్టరు, గట్టి నిఘా, ఎవరు వేసిన కుట్లు ఎన్ని చీముపట్టాయో ఆ సర్జన్‌కే చెప్పే ఏర్పాటు ఉన్నచోట ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు మూడో వంతు దాకా తగ్గాయి. ఏ ఏర్పాటూ లేనిచోట తగ్గకపోగా పెరిగాయి. ఈలోపే అక్కడ ఈ వృత్తికి పరీక్ష కూడా పుట్టింది. 1982లో ఒక సర్టిఫికేషన్ బోర్డు ఏర్పడింది, మరుసటి ఏడాది మొదటి పరీక్ష జరిగింది. సీఐసీ అనే ఆ పట్టా కోసం ఇప్పుడు 3 గంటల్లో 150 ప్రశ్నలకు జవాబులు రాయాలి. ముందే ఆరోగ్య రంగంలో చదువు ఉండాలి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని నిజంగా చేసి ఉండాలి. పాసైనా ఆ పట్టా ఐదేళ్లే. మళ్లీ పరీక్ష రాయడమో, ఈలోపు కొత్త విషయాలు నేర్చుకున్నట్టు రుజువు చూపడమో చేయాలి. పని అనుభవం లేని కొత్తవారికి తొలి మెట్టుగా ఏ-ఐపీసీ అనే వేరే పరీక్ష ఉంది. అమెరికాలో కూడా సీఐసీ అన్నిచోట్లా చట్టం కాదు. ఆసుపత్రులే అడిగి మరీ తీసుకుంటాయి.

ఇంత పరీక్ష ఎందుకు, చేతులు కడగమని చెప్పడానికి చదువు కావాలా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోసం ఒక్క లెక్క చెబుతాను. ఒక ఆసుపత్రిలో ఒక నెల మూత్రం గొట్టాలు పెట్టిన రోగుల్లో 5 ఇన్ఫెక్షన్లు వచ్చాయనుకుందాం. మరుసటి నెల 3 వచ్చాయి. బాగుపడ్డాం అనుకుంటాం. కానీ మొదటి నెల రోగులందరి రోజులూ కలిపి గొట్టం ఉన్నది 1000 రోజులు, రెండో నెల 300 రోజులే. అంటే వెయ్యి గొట్టం రోజులకు మొదట 5, తర్వాత 10. బాగుపడలేదు, రెండింతలు చెడింది. ఈ తేడా కనిపెట్టాలంటే రోజూ వార్డు తిరిగి ఎవరికి గొట్టం ఉందో రాసుకోవాలి, ఏది ఇన్ఫెక్షన్ ఏది కాదో నిర్వచనం తెలియాలి, ల్యాబ్ కల్చర్ రిపోర్టు చదవడం రావాలి. సిజేరియన్ అయిన తల్లి ఇంటికి వెళ్లిపోయాక కూడా 30 రోజుల దాకా ఆమె కుట్టు గురించి ఆరా తీయాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి నిజంగా గుడ్డల మధ్యకు చేరిందో లేదో ఇండికేటర్ చూసి చెప్పాలి. క్రిములను చంపే హైపో ద్రావణం ఒక శాతం పాళ్లలో ఏ పూటకాపూట కలిపారా, వాడిన సూది తెల్ల డబ్బాలో పడిందా, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లిందా చూడాలి. సూది గుచ్చుకున్న ఆయాకు ఎన్ని గంటల్లో మందు మొదలుపెట్టాలో తెలియాలి. అన్నిటికన్నా కష్టం, సీనియర్ సర్జన్‌తో సార్, ఇవాళ థియేటర్ తెరవొద్దు అని అనగలగాలి. చేతిలో పట్టా, వెనక అధికారం లేకుండా ఆ మాట ఏ నర్సు అనగలదు?

మన దగ్గర కాగితం మీద చాలానే జరిగింది. ఆసుపత్రి వ్యర్థాల మీద 1998లో ఒకసారి, 2016లో మరింత గట్టిగా నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు 2015లో మొదలైన కాయకల్ప అవార్డుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కు మార్కులున్నాయి. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉండాలి. అయితే ఆ గుర్తింపు ఆసుపత్రి ఇష్టం. 2020 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఒక పాఠ్యాంశమైంది. ఇవన్నీ మంచివే. కానీ ఈ పనికి ఫలానా పరీక్ష పాసైన మనిషే ఉండాలి, ఆ మనిషికి వేరే డ్యూటీ వేయకూడదు అని ఏ చట్టమూ చెప్పదు. అందుకే చాలాచోట్ల ఇది అదనపు బాధ్యతగా ఒక హెడ్ నర్సు నెత్తిన పడుతుంది. ఆమె కొద్ది రోజుల శిక్షణకు వెళ్లివస్తుంది, తనిఖీ ముందు రిజిస్టర్లు నింపుతుంది, మిగతా రోజులు మందుల ఇండెంటు చూసుకుంటుంది. తప్పు ఆమెది కాదు. ఇద్దరి పని ఒకరికి అప్పగించినవాళ్లది.

ఆ ఖాళీ ఖరీదు తెలుగు నేల చూసింది. 2016 జూన్ చివర హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్ఫెక్షన్ సోకింది. ఆపరేషన్‌లో వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా బయటపడింది. కొందరికి చూపు పోయింది. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. కారణం ఇన్ఫెక్షనేనని విచారణ తేల్చింది. ఆ నలుగురూ జబ్బుతో వెళ్లినవాళ్లు కాదు. ఆరోగ్యంగా నడిచి వెళ్లిన తల్లులు. ఆ తర్వాత అధికారులపై చర్యలు తీసుకున్నారు, శిక్షణలన్నారు. చర్యల కన్నా ముందే అక్కడ ఉండాల్సిన మనిషి గురించి ఎవరూ గట్టిగా అడగలేదని నా బాధ.

చీరాల 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఊళ్లో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోములు చాలానే ఉన్నాయి. జాండ్రపేట, పేరాల, వేటపాలెం మగ్గాల దగ్గర నుంచి, మిరప, పత్తి చేల నుంచి వచ్చే జనం వాటినే నమ్ముకున్నారు. గుంట మగ్గం మీద కూర్చునే మనిషికి కడుపు కుట్టు చీము పట్టిందంటే ఆ ఇంటి ఆదాయం నెలల తరబడి ఆగినట్టే. మళ్లీ కట్టు, మళ్లీ ఇంజెక్షన్లు, మాస్టర్ వీవర్ దగ్గర మళ్లీ అప్పు. మిర్చి కోతల కాలంలో పడకెక్కిన కూలీకి ఆ ఏడు పోయినట్టే. ఆసుపత్రి ఇన్ఫెక్షన్ గురించి మాట్లాడేటప్పుడు బ్యాక్టీరియా పేర్ల కన్నా ముందు ఈ లెక్క గుర్తుకు రావాలి.

దీనికి కొత్త విప్లవం అక్కర్లేదు. 1926 చట్టం మనకు రిజిస్టరు ఇచ్చింది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసి ఆ రిజిస్టర్లను కొత్తగా కట్టే అవకాశం ఇచ్చింది. నర్సులకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ పట్టాను తెలుగులో చదివి తెలుగులో రాయగలిగే పరీక్షతో మన రాష్ట్ర కౌన్సిలే ఇవ్వవచ్చు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు మనకు 2002 చట్టం ఉంది. రెన్యువల్ సమయంలో పట్టా ఉన్న నర్సు పేరు చూపమని జిల్లా వైద్యాధికారి అడిగేలా నిబంధన మార్చవచ్చు. 250 పడకలకు కనీసం ఒకరు, వీలైతే 100 పడకలకు ఒకరు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత. ఏరియా ఆసుపత్రి స్థాయికి అది ఒక్క పూర్తికాలపు ఉద్యోగం. ఐదేళ్లకోసారి పరీక్ష, ఆ పరీక్ష ఫీజు ప్రభుత్వానిదే, జీతంలో అదనపు ఇంక్రిమెంటు, థియేటర్ ఆపించే రాతపూర్వక అధికారం. ఈ నాలుగూ లేకుండా పట్టా ఇస్తే అది గోడకు వేలాడే కాగితమే అవుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ నిర్ణయమైతే ఫీజు ఎంత అని అడిగే ముందు ఒక్క మాట అడగండి: మీ ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఎవరు, ఆమెకు ఇంకే డ్యూటీ ఉంది? అడిగే హక్కు రోగిది. చెప్పాల్సిన బాధ్యత ఆసుపత్రిది.