పెందుర్తి శాసనసభా నియోజకవర్గం

పెందుర్తి ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో ఒకటి. రిజర్వేషన్ లేని జనరల్ స్థానం. అనకాపల్లి లోక్‌సభ నియోజకవర్గం పరిధిలోకి వస్తుంది. 1978 నుంచి 2024 దాకా ఇక్కడ ఒక ఉపఎన్నికతో కలిపి 12 సార్లు ఎన్నిక జరగ్గా 11 మంది ఎమ్మెల్యేలయ్యారు. వరసగా రెండుసార్లు గెలిచినవారు ఒక్కరూ లేరు. రెండుసార్లు గెలిచిన ఏకైక నాయకుడు పంచకర్ల రమేష్ బాబు. ఆయన రెండు గెలుపుల మధ్య 15 ఏళ్లు గడిచాయి, ఆ రెండూ వేర్వేరు పార్టీల తరఫున వచ్చినవి.

నిలకడలేని ఓటరు అని దీన్ని తేల్చేయడం సులువే గానీ న్యాయం కాదు. ఈ నియోజకవర్గం హద్దులు మారాయి, పార్టీలు టికెట్లు ఇచ్చే తీరు మారింది. ఊళ్ల పక్కనే ఫ్యాక్టరీలు లేచి, సాగుచేసుకునే కుటుంబాలకు బతుకుతెరువే మారిపోయింది. ఈ మూడూ కలిపి చూస్తేనే ఇక్కడి ఫలితాలు అర్థమవుతాయి.

పరిధి

పెందుర్తి, సబ్బవరం, పరవాడ మండలాలు, పెదగంట్యాడ మండలంలో కొంత భాగం కలిస్తే ఈ నియోజకవర్గం. 2008 నాటి పునర్విభజన గీసిన హద్దులివి. అంతకుముందు పెందుర్తి ఇంతకంటే చాలా పెద్దది. విశాఖ నగరం అంచుల్లో చాలా భాగం, గాజువాక పారిశ్రామికవాడతో సహా దీనిలోనే ఉండేది. 2004లో ఇక్కడ గెలిచిన అభ్యర్థికి లక్షా 32 వేలు, ఓడిన అభ్యర్థికి లక్షా 14 వేలు దాటి ఓట్లు పడ్డాయంటే అప్పటి ఓటర్ల జాబితా ఎంత పొడవో ఊహించుకోవచ్చు. పునర్విభజనలో గాజువాక, విశాఖ పశ్చిమ స్థానాలు కొత్తగా ఏర్పడ్డాయి. పక్కనున్న పరవాడ నియోజకవర్గం రద్దయి, ఆ మండలం పెందుర్తిలో కలిసింది. పేరు పాతదే గానీ 2009 నుంచి ఓటు వేస్తున్నది దాదాపు కొత్త నియోజకవర్గమే.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో మరో చిక్కు వచ్చింది. పెందుర్తి, పెదగంట్యాడ మండలాలు విశాఖపట్నం జిల్లాలోనే ఉండగా సబ్బవరం, పరవాడ అనకాపల్లి జిల్లాకు వెళ్లాయి. ఒకే ఎమ్మెల్యే, ఇద్దరు కలెక్టర్లు. పెందుర్తి పట్టణం మహా విశాఖ నగరపాలక సంస్థలో ఉంది. సబ్బవరం వైపు వెళ్తే ఇంకా పంచాయతీలు, కూరగాయల మళ్లు, జీడితోటలు కనిపిస్తాయి. ఒక చోట ఎన్నికల మాట డ్రైనేజీ, ఇంటి పన్ను అయితే ఇంకో చోట చెరువు, భూమి రికార్డు.

ఎన్నికల చరిత్ర

1978లో కాంగ్రెస్ (ఐ) అభ్యర్థి గుడివాడ అప్పన్న, 1980 ఉపఎన్నికలో అదే పార్టీకి చెందిన ద్రోణంరాజు సత్యనారాయణ గెలిచారు. 1983లో ఎన్టీ రామారావు గాలికి పెతకంశెట్టి అప్పలనరసింహం తెలుగుదేశం తరఫున నెగ్గారు. మరుసటేడు ఆయన అనకాపల్లి ఎంపీ కావడంతో 1985లో ఆ పార్టీకే చెందిన ఆళ్ల రామచంద్రరావు వచ్చారు. ఒకే పార్టీ ఇక్కడ వరసగా గెలవడం అదే ఆఖరు. 1989లో అప్పన్న కుటుంబానికి చెందిన గుడివాడ గురునాథరావు కాంగ్రెస్‌కు సీటు తిరిగి తెచ్చారు.

1994 ఫలితం మిగతావాటికి భిన్నమైనది. తెలుగుదేశంతో పొత్తులో ఉన్న సీపీఐ నుంచి మానం ఆంజనేయులు గెలిచారు. అప్పటి పెందుర్తిలో గాజువాక కార్మికవాడలు కలిసి ఉండేవి గనక ఎర్రజెండా అభ్యర్థికి ఇక్కడ సొంత బలం ఉంది. యూనియన్ ఆఫీసుల్లో, షిఫ్టు ముగిసే గేట్ల దగ్గర ప్రచారం నడిచిన కాలమది. గాజువాక విడిపోయాక కమ్యూనిస్టులకు ఇక్కడ అలాంటి అవకాశం మళ్లీ రాలేదు.

1999లో అప్పలనరసింహం కుమారుడు, గణబాబుగా అందరికీ తెలిసిన పి.జి.వి.ఆర్. నాయుడు తెలుగుదేశం తరఫున గెలిచారు. తర్వాతి కాలంలో ఆయన విశాఖ పశ్చిమకు మారి అక్కడ 2014, 2019, 2024ల్లో వరసగా నెగ్గారు. 2004లో కాంగ్రెస్ అభ్యర్థి తిప్పల గురుమూర్తిరెడ్డి, తెలుగుదేశం అభ్యర్థి గుడివాడ నాగమణిపై విజయం సాధించారు.

1983 నుంచి ఒక్క 2009 మినహా ప్రతి సాధారణ ఎన్నికలోనూ రాష్ట్రంలో అధికారం చేపట్టిన పార్టీయో, దాని పొత్తులో ఉన్న పార్టీయో ఇక్కడ గెలిచింది. 2009లో రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారం నిలబెట్టుకుంది. పెందుర్తి మాత్రం రైలింజన్ గుర్తుపై పోటీచేసిన ప్రజారాజ్యం వైపు మొగ్గింది. చిరంజీవి స్థాపించిన ఆ పార్టీ రాష్ట్రమంతటా గెలిచిన 18 స్థానాల్లో ఇదొకటి. పంచకర్ల రమేష్ బాబు, కాంగ్రెస్ అభ్యర్థి గండి బాబ్జీని మూడు వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. బాబ్జీ 2004లో పరవాడ నుంచి గెలిచిన నాయకుడు. సొంత సీటు పునర్విభజనలో పోయి ఇటు వచ్చారు.

2014లో పోరు పరవాడ నాయకుల మధ్యే సాగింది. 1989 నుంచి పరవాడలో మూడుసార్లు వరసగా నెగ్గిన బండారు సత్యనారాయణమూర్తి తెలుగుదేశం తరఫున, బాబ్జీ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున తలపడ్డారు. బండారు 18,648 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ యువ నాయకుడు అన్నంరెడ్డి అదీప్‌రాజ్ 99,759 ఓట్లు సాధించగా బండారుకు 70,899 వచ్చాయి. తేడా 28,860.

2024 ఎన్నిక

తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తులో పెందుర్తి జనసేనకు వెళ్లింది. ఏళ్ల తరబడి సీటును కనిపెట్టుకుని ఉన్న బండారుకు ఇది గట్టి దెబ్బే. చివరికి ఆయనకు మాడుగుల టికెట్ దక్కింది, అక్కడ గెలిచారు. జనసేన అభ్యర్థి పంచకర్ల రమేష్ బాబు. ఈలోపు ఆయన 2014లో తెలుగుదేశం తరఫున ఎలమంచిలి ఎమ్మెల్యే అయ్యారు, 2019లో అక్కడే ఓడారు, వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి జిల్లా అధ్యక్షుడిగా పనిచేశారు, 2023లో దాన్నీ వదిలి జనసేన అధినేత పవన్ కల్యాణ్ వైపు వచ్చారు.

మే 13న పోలింగ్ కేంద్రంలోకి అడుగుపెట్టిన పాత తెలుగుదేశం ఓటరు పరిస్థితి ఒకసారి చూడాలి. ముందు రెండు ఓటింగ్ యంత్రాలు. ఎంపీ ఓటుకు బీజేపీ అభ్యర్థి సీఎం రమేష్ కమలం గుర్తు, ఎమ్మెల్యే ఓటుకు జనసేన గాజు గ్లాసు. నాలుగు దశాబ్దాలుగా అలవాటైన సైకిల్ రెంటిలోనూ లేదు. పెద్ద వయసు ఓటర్లకు గుర్తులు నేర్పడమే కూటమి కార్యకర్తల ప్రధాన పని అయింది. పొత్తుల్లో ఓటు బదిలీ అవుతుందా కాదా అన్న ప్రశ్నకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

జూన్ 4న వచ్చిన జవాబు స్పష్టం. పంచకర్లకు 1,49,611 ఓట్లు, అదీప్‌రాజ్‌కు 67,741. ఆధిక్యం 81,870, ఇది ఓడిన అభ్యర్థికి వచ్చిన మొత్తం ఓట్ల కంటే ఎక్కువ. కమలానికీ ఓట్లు అదే తీరున పడ్డాయి. అనకాపల్లి లోక్‌సభ స్థానంలో అప్పటి ఉప ముఖ్యమంత్రి బూడి ముత్యాలనాయుడిపై సీఎం రమేష్ 2.96 లక్షల తేడాతో గెలిచారు. రాష్ట్రంలో కూటమికి 164 స్థానాలు రాగా, జనసేన పోటీచేసిన 21 స్థానాలూ గెలిచింది. అయితే పొత్తు లెక్కతోనే ఈ ఫలితాన్ని సరిపెట్టలేం. అదీప్‌రాజ్‌కు 2019లో పడ్డ ఓట్లలో 32 వేలు తగ్గాయి. అంటే అప్పట్లో వైఎస్సార్ కాంగ్రెస్ ఫ్యాన్ గుర్తుకు వేసినవారిలోనే చాలామంది దూరమయ్యారన్నమాట.

ఎన్నికల అంశాలు

భూమి ఇచ్చినవారి ప్రశ్న ఇక్కడ అన్నిటికంటే పాతది. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు నేల వదులుకున్నారు. నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన ‘ఆర్ కార్డు’ పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన తరం వృద్ధాప్యానికి వచ్చేసింది. ఆ కార్డు ఇప్పటికీ ఎన్నికల సభల్లో వినిపించే మాటే. 2021 జనవరిలో కర్మాగారాన్ని ప్రైవేటీకరించాలని కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి కార్మికుడూ నిర్వాసితుడూ ఒకే ఆందోళనలోకి వచ్చారు. కేంద్రం 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది.

పరవాడ మండలంలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ ఉన్నాయి. ఫార్మాసిటీని ఆనుకుని ఉన్న తాడి గ్రామాన్ని వేరే చోటికి తరలించాలన్న డిమాండ్ ఒక ఎన్నిక నుంచి మరో ఎన్నికకు పాకుతూ వస్తోంది. పుట్టిన ఊరు ఖాళీ చేయించండి అని జనమే అడుగుతున్నారంటే అక్కడి గాలి, నీరు ఏ స్థితికి వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు. 2020 జూన్ 29 రాత్రి ఫార్మాసిటీలోని ఒక పరిశ్రమలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. ప్రమాదం జరిగినప్పుడల్లా అధికార పక్షం పరిహారం ప్రకటిస్తుంది, ప్రతిపక్షం తనిఖీలు ఏమయ్యాయని నిలదీస్తుంది. అధికారం చేతులు మారితే ఆ మాటలూ చేతులు మారతాయి. పరవాడ మత్స్యకారులది వేరే బాధ. సముద్రంలోకి వెళ్లే వ్యర్థజలాల వల్ల వేట దెబ్బతింటోందన్నది వారి ఫిర్యాదు.

పెందుర్తి వైపు పంచగ్రామాల సమస్య ముఖ్యం. సింహాచలం దేవస్థానం భూములుగా నమోదైన అడివివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లిలలో దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవారికి హక్కు పత్రాలు దక్కలేదు. ఇల్లు అమ్మాలన్నా, పై అంతస్తు వేయాలన్నా అడ్డంకే. వీటిలో కొన్ని పక్క నియోజకవర్గాల్లోకి వస్తాయి గనక ఈ హామీ ఒక్క పెందుర్తి అభ్యర్థితో ఆగదు. క్రమబద్ధీకరణకు 2019లో శాసనసభ చట్టం చేసినా వివాదం కోర్టులో చిక్కుకుంది.

టికెట్ల తీరు

2009 నుంచి గెలిచిన ముగ్గురి సంగతి చూస్తే, మొదటిసారి గెలిచాక పంచకర్ల 2014లో ఇక్కడ పోటీచేయలేదు, ఎలమంచిలికి వెళ్లారు. బండారు, అదీప్‌రాజ్ మళ్లీ బరిలో దిగి ఓడారు. కాబట్టి ‘సిట్టింగులను ఓడించే సీటు’ అన్న పేరులో సగం ఓటరుది, సగం పార్టీలది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం శాసనసభ స్థానాలను 225కు పెంచే వీలు కల్పించింది. అయితే రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చాకే హద్దులు మారతాయి. అప్పుడు రెండు జిల్లాల మధ్య చీలి ఉన్న ఈ నియోజకవర్గంలో నగరపాలక సంస్థ వార్డులను, సబ్బవరం, పరవాడ పంచాయతీలను కలిపే ఉంచాలా, విడదీయాలా అన్నది డీలిమిటేషన్ కమిషన్ తేల్చాల్సి ఉంటుంది.