తీపిని మరపించే ఆకు: పొడపత్రి చరిత్ర

వ్యాధిని గుర్తించి దానికి పేరు పెట్టడం వైద్యానికి తొలి మెట్టు. ఈ దేశపు వైద్యులు మధుమేహం విషయంలో ఆ మెట్టును అతి ప్రాచీనకాలంలోనే ఎక్కారు. చరక, సుశ్రుత సంహితలు ప్రమేహాలను ఇరవై విధాలుగా విభజించి, మధుమేహాన్ని వాటిలో ఒకటిగా చేర్చాయి. మూత్రానికి చీమలు చేరడాన్ని రాబోయే వ్యాధికి సూచనగా చెప్పాయి. పుట్టుకతో వచ్చేది, అపథ్యం వల్ల కలిగేది అని సుశ్రుతుడు ఈ వ్యాధిని రెండుగా వేరుచేశాడు. మొదటి దానిలో రోగి కృశించి ఉంటాడనీ, రెండవ దానిలో స్థూలకాయుడై ఉంటాడనీ వివరించాడు. మూత్రంలోని తీపికి కారణం చక్కెరేనని ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ ప్రయోగపూర్వకంగా చూపినది 1776లో.

చికిత్సకు పూర్వులు పెరటినీ, అడవినీ ఆశ్రయించారు. ప్రమేహానికి ఉసిరిక, పసుపు శ్రేష్ఠమని వాగ్భటుడు పేర్కొన్నాడు. కాకరకాయ, మెంతులు, నేరేడు గింజల పొడి ఇంటింటి వైద్యాలయ్యాయి. వేగిస చేవతో తొలిచిన పాత్రలో రాత్రి నీరు పోసి ఉంచి, ఉదయం త్రాగే అలవాటు నేటికీ ఉన్నది. తమిళనాట సిద్ధవైద్యులు కషాయం కాచే ఆవారం పువ్వు తెలుగువారి తంగేడు పువ్వే. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మలో పేర్చుకొనేదీ అదే.

వీటన్నిటిలో విచిత్రమైన చరిత్ర గలది పొడపత్రి. ఇది చెట్లను అల్లుకొని పెరిగే తీగ. కాయలు పొట్టేలు కొమ్ములను పోలి ఉండటంచేత సంస్కృతంలో దీనిని మేషశృంగి అన్నారు. తమిళంలో ఇది సిరుకురింజాన్; హిందీలో గుడ్‌మార్, అనగా బెల్లాన్ని చంపేది. ఆకును నమిలిన వెంటనే చక్కెర నోట వేసుకుంటే ఇసుకవలె చప్పగా తోస్తుంది. ఈ వింతను ఎడ్జ్‌వర్త్ అనే ఆంగ్లేయుడు 1847 ప్రాంతంలో పాశ్చాత్య శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. మద్రాసు ప్రభుత్వ ఉద్యోగిగా ఉదకమండలంలో పనిచేసిన డేవిడ్ హూపర్ ఆకులను పరీక్షించి, అందుకు కారణమైన జిమ్నెమిక్ ఆమ్లాన్ని 1887లో ప్రకటించాడు.

అయితే నాలుకకు తీపి తెలియకుండా చేయడం వేరు, రక్తంలో చక్కెరను తగ్గించడం వేరు. రెండవ దానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. 1928లో కలకత్తాలో ఆర్.ఎన్. చోప్రా బృందానికి రోగులలో ఆశించిన గుణం కనబడలేదు. 1930లో మ్హాస్కర్, కేయస్ అనే పరిశోధకులు జంతువులపై ప్రయోగాలు జరిపి, ఈ ఆకు ఇన్సులిన్ స్రావాన్ని ప్రేరేపిస్తున్నదని భావించారు. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇన్సులిన్ తీసుకుంటున్న 27 మందికి ఇన్సులిన్‌తోపాటు ఈ ఆకు సారాన్ని ఇవ్వగా, వారికి అవసరమైన ఇన్సులిన్ మోతాదు తగ్గినట్లు ప్రకటించారు. ఫలితం ఆశాజనకమే, కాని అంత కొద్దిమందిపై జరిగిన పరీక్ష తుది తీర్పు కాజాలదు.

ఈ చరిత్రలో మరువరాని ఘట్టం మరొకటి ఉన్నది. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో తొలిసారి ఒక బాలునికి దానిని ఇచ్చారు. అంతకుముందు శరీరంలో ఇన్సులిన్ తయారుకాని పిల్లలను ఏ దేశపు మూలికా బ్రతికించలేకపోయింది. అట్లని మూలికలు నిష్ప్రయోజనమనుట న్యాయం కాదు. ఐరోపాలో గెలీగా అనే మొక్కలోని పదార్థంపై సాగిన పరిశోధనలే మెట్‌ఫార్మిన్‌కు దారితీశాయి. ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ 1957లో దానిని మధుమేహ చికిత్సకు పరిచయం చేశాడు. నేడు కోట్లాదిమంది వాడుతున్న మాత్ర అదే.

కనుక ఆకును నమ్మి ఇన్సులిన్ మానడం ప్రాణాపాయం. వైద్యునికి చెప్పకుండా మాత్రలతోపాటు ఆకును సేవిస్తే, చక్కెర మితిమీరి పడిపోయే ప్రమాదమూ ఉన్నది. పూర్వులు మొక్కను గుర్తించారు, గుణాన్ని గమనించారు. పరీక్షించి నిగ్గుతేల్చే బాధ్యతను తరువాతి తరాలకు విడిచారు. పొడపత్రి అన్నా, సిరుకురింజాన్ అన్నా ఒకే తీగ అని తెలిసిన పిల్లలు రెండు భాషల వైద్యసంపదకూ వారసులు. ఆ పేర్లు మరుగునపడితే, పరీక్షించవలసిన మొక్క ఏదో చెప్పగలవారే మిగలరు.