పట్టాదారు పేరు, బ్యాంకు ఖాతా: ఆత్మకూర్ ప్రాంత రైతు కుటుంబంలో నగదు సాయం

తెలంగాణలో ఆత్మకూర్ పేరుతో ఒకటి కంటే ఎక్కువ మండలాలున్నాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి, సూర్యాపేట జిల్లాలో ఒకటి ఉన్నాయి. ఈ రెండూ పూర్వపు నల్లగొండ జిల్లావి. మూడవది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినది, 2016 అక్టోబరు నుంచి వనపర్తి జిల్లాలో ఉంది. ఈ పాఠంలో ప్రధానంగా చెప్పుకునేది ఈ మూడవ ఆత్మకూర్ గురించి. అమరచింత సంస్థానాధీశులకు ఇది కేంద్ర స్థానంగా ఉండేది. పరీక్షల్లో ఈ ఊళ్లను కలిపి రాసేవారు ప్రతి ఏడూ కనిపిస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

నిజాం కాలంలో ప్రభుత్వానికీ రైతుకూ మధ్య డబ్బు ప్రధానంగా ఒకే దిశలో నడిచింది. రైతు శిస్తు కట్టేవాడు, ఖజానా పుచ్చుకునేది. సంస్థానాల్లో ఆ శిస్తు మొదట సంస్థానాధీశునికి చేరేది, ఆయన నిజాంకు పేష్కష్ చెల్లించేవాడు. కరువు వచ్చినప్పుడు తకావీ అప్పు ఇచ్చేవారు, కాని అది తిరిగి కట్టవలసిన సొమ్ము. ఆ తర్వాతి కాలంలో ఎరువుల మీద రాయితీ, సహకార సంఘం రుణం, ఉచిత కరెంటు వచ్చాయి. ఇవన్నీ రైతుకు సాయమే అయినా చేతికందే డబ్బు కాదు. ఎకరానికి ఇంత అని లెక్కగట్టి, తిరిగి అడగకుండా, ఏ ఖర్చుకు వాడారని ప్రశ్నించకుండా ప్రభుత్వం రైతుకు సొమ్ము ఇవ్వడం తెలంగాణలో 2018 మే 10న రైతుబంధుతో మొదలైంది. హుజూరాబాద్ ప్రాంతంలో దాన్ని ప్రారంభించారు. పంటకు ఎకరాకు 4,000 రూపాయల చొప్పున వానాకాలానికీ యాసంగికీ ఇస్తామన్నారు. ఆ సంవత్సరం బడ్జెట్‌లో ఇందుకు 12,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 2019-20 నుంచి మొత్తాన్ని 5,000కు పెంచారు.

డబ్బు నడిచే దిశ మారింది కాని, దాన్ని నడిపించే కాగితం మారలేదు. ఈ పాఠానికి అదే ప్రధానాంశం.

శిస్తు కోసం పుట్టిన పేరు

మొదటి సాలార్ జంగ్ కాలంలో, 1865లో జిల్లా బందీ ఏర్పడింది. అనంతరం బొంబాయి పద్ధతిలో భూమి సర్వే, బందోబస్తు మొదలయ్యాయి. ప్రతి సర్వే నంబరుకూ శిస్తు కట్టవలసిన ఒక మనిషి కావాలి. ఆ మనిషే పట్టాదారు. దున్నేది అతడే కానక్కరలేదు. ఖజానాకు కావలసింది ఎవరిని అడగాలో తెలియడం మాత్రమే. 1949లో జాగీర్లు రద్దయి, సంస్థానాల పాలన కూడా ముగిసిన తర్వాత 1954-55లో కాస్రా పహాణీ తయారైంది. తెలంగాణలో భూవివాదం ఏది వచ్చినా వకీలు మొదట అడిగేది నేటికీ దానినే. పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలం కూడా ఉండేది. భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలకూ ఒకే కాగితంలో జవాబు దొరికేది. ఆ రెండవ కాలాన్ని పట్వారీలు ఎంత నిజాయితీగా నింపారన్నది వేరే చర్చ.

2017 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 31 వరకు తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన చేపట్టింది. రైతుబంధుకు లబ్ధిదారుల జాబితా అందులోంచే వచ్చింది. వివాదం లేని భూములకు కొత్త పాస్ పుస్తకాలు ఇచ్చారు. వివాదం ఉన్నవాటిని పార్ట్-బి అని పక్కన పెట్టారు. కొత్త పుస్తకంలో అనుభవదారు కాలం లేదు. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్‌లోనూ ఉండేది కాదు. ఒకనాడు శిస్తు వసూలుకు ఎవరి పేరు రాసుకున్నారో, ఇప్పుడు ఆ పేరుకే, లేదా ఆ పేరు వారసులకే, సాయం జమ అవుతోంది.

దీని వల్ల మెట్ట ప్రాంతంలో చాలా కుటుంబాలు జాబితా బయట మిగిలాయి. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో భూమి కొని, ఇరవై ముప్ఫై ఏళ్లుగా సాగు చేస్తున్నవారు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎక్కువ. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనుకాడి, నమ్మకం మీద కొన్నవారు వీరు. భూమి అమ్మి హైదరాబాద్‌లో స్థిరపడినవాని ఖాతాలో రైతుబంధు జమ కావడం, కొన్నవాడు చూస్తూ ఉండవలసి రావడం ఈ ఏర్పాటులోంచి వచ్చిన ఫలితమే.

ఒక ఇంటి లెక్క

సాయం అందిన ఇంట్లో ఏమి మారింది? ఉదాహరణకు మూడెకరాల చెలక ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రాష్ట్రంలో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సుమారు రెండున్నర ఎకరాలు కాబట్టి ఇది అసాధారణమైన ఇల్లు కాదు. మృగశిర కార్తె వచ్చేసరికి విత్తనాలు, దుక్కి, ఒక విడత ఎరువుకు ఈ ఇంటికి పదిహేను వేల రూపాయలు కావాలనుకుందాం. పూర్వం ఈ సొమ్ము ఎరువుల దుకాణదారు దగ్గరో, అడ్తి వ్యాపారి దగ్గరో పుట్టేది. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనుకుంటే ఆరు నెలలకు 1,800, మూడు రూపాయలైతే 2,700. ఇది పైకి కనిపించే ఖర్చు. కనిపించనిది మరొకటుంది. అప్పు ఇచ్చినవానికే పంట తూకం వేయాలి, అతడు చెప్పిన ధరకే వేయాలి. ఎకరాకు 5,000 చొప్పున మూడెకరాలకు వచ్చే 15,000 రూపాయలు ఈ రెండు ముడులనూ ఒకేసారి విప్పగలవు. నా అభిప్రాయంలో రైతుబంధు చేసిన అసలు మేలు ఇదే. మొత్తం ఎంత అన్నదానికంటే అది ఏ నెలలో చేతికి వచ్చిందన్నది ముఖ్యం.

అందుకే ఆలస్యం చిన్న విషయం కాదు. జూన్‌లో రావలసింది ఆగస్టులో వస్తే విత్తనం అప్పు మీదే పడుతుంది. వచ్చిన డబ్బు అప్పు తీర్చడానికి పోతుంది, వ్యాపారితో పంట ముడి మాత్రం అలాగే ఉంటుంది. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికల ముందు యాసంగి సాయం పంపిణీకి ఎన్నికల సంఘం మొదట అనుమతి ఇచ్చి, కొద్ది రోజులకే ఉపసంహరించుకుంది. నారుమళ్లు పోసుకునే వేళకు రైతు చేతిలో డబ్బు లేదు.

చెక్కుల నుంచి ఖాతాలకు మారడం కూడా ఎన్నికల వల్లనే జరిగింది. మొదటి వానాకాలంలో గ్రామసభ పెట్టి చెక్కులు ఇచ్చారు. 2018 అక్టోబరులో ఎన్నికల నియమావళి కారణంగా చెక్కుల పంపిణీ వద్దన్నారు, నేరుగా ఖాతాలో జమ చేయడానికి ఒప్పుకున్నారు. చెక్కుల విడతలో కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొన్ని మండలాల అధికారులకు, మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో అడుగుతామని ముందుగా తెలియజేశారు. ఆ మండలాల్లో చెక్కులు అందడం స్వల్పంగానే అయినా స్పష్టంగా మెరుగుపడింది. ఖర్చు మాత్రం ఫోన్ కాల్ ఖర్చే. ఖాతాల పద్ధతి వచ్చాక మరో సమస్య తలెత్తింది. జమ అయిన సొమ్మును పాత పంట రుణం కింద బ్యాంకులు మినహాయించుకున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అలా చేయవద్దని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

ఇంటి లోపల ఈ డబ్బు ఎవరిది? దేశంలో భూకమతాల నిర్వహణలో మహిళల వాటా 2015-16 గణన ప్రకారం సుమారు 14 శాతం మాత్రమే. తెలంగాణలో అది ఇంతకంటే మెరుగు, అయినా పాస్ పుస్తకం ఎక్కువగా మగవారి పేరునే ఉంటుంది. కలుపు తీసేది, కోత కోసేది స్త్రీ, ఫోన్‌కు సందేశం వచ్చేది పురుషునికి. ఇక్కడ 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాను విడిగా చెప్పుకోవాలి. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. భర్త పోయాక అప్పులవాళ్లు గడప దగ్గర నిలబడే ఇంట్లో ఈ మొత్తం విలువ ఎంతో వివరించనక్కరలేదు. కాని కౌలు రైతు చనిపోతే అతని భార్యకు ఈ బీమా లేదు. కారణం మళ్లీ అదే కాగితం.

కౌలుదారు ఎందుకు కనిపించడు

1990ల రెండవ భాగంలో జూరాల ఎడమ కాలువ నీరు అందిన తర్వాత ఆత్మకూర్, అమరచింత పరిసరాల్లో వరి పెరిగింది. నీరున్న చోట కౌలు కూడా పెరుగుతుంది. అయినా కౌలు ఒప్పందాలు దాదాపు అన్నీ నోటి మాటలే. ఇందుకు చారిత్రక కారణం ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు బలమైన హక్కులు ఇచ్చింది. కొందరు దాని ద్వారా భూయజమానులయ్యారు కూడా. అప్పటి నుంచి కౌలుదారు పేరు కాగితం మీదకు వస్తే భూమి పోతుందన్న భయం భూస్వామి ఇంట్లో తరతరాలుగా నిలిచిపోయింది. కౌలుదారును కాపాడటానికి చేసిన చట్టమే అతడిని రికార్డుల్లో లేకుండా చేసిన కారణాల్లో ఒకటైంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక మధ్యేమార్గం వెతికింది. యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం చేసింది. రైతుబంధు ఆ కార్డును లెక్కలోకి తీసుకోలేదు.

ఒడిశా 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకంలో భూమిలేని వ్యవసాయ కుటుంబాలకూ చోటు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019 రైతు భరోసాలో కొన్ని వర్గాల కౌలు రైతులను చేర్చింది. కేంద్రం 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం-కిసాన్ సంవత్సరానికి కుటుంబానికి 6,000 రూపాయలే ఇస్తుంది, భూమి ఎంత ఉన్నా అంతే. రైతుబంధు మాత్రం ఎకరాల లెక్క. 1973 భూపరిమితి చట్టం మెట్ట భూమికి విధించిన గరిష్ఠ పరిమితి 54 ఎకరాలు. అంత భూమి ఉన్నవానికి పంటకు 2,70,000 రూపాయలు, మూడెకరాలవానికి 15,000. మెక్సికో 1990లలో ప్రారంభించిన ప్రోకాంపో కూడా హెక్టారు లెక్కన ఇచ్చిన పథకమే. దాన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు ఇచ్చిన ప్రతి పెసోకు కుటుంబ ఆదాయం ఒకటిన్నర నుంచి రెండున్నర పెసోలకు పైగా పెరిగిందని తేల్చారు. పెట్టుబడి దొరకక ఆగిపోయినవాని చేతికి డబ్బు వస్తే అది పెరుగుతుంది. పెట్టుబడికి కొరత లేనివాని చేతికి వస్తే అలా పెరగడానికి కారణం లేదు.

2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనే, నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో దాన్ని ప్రారంభించారు. ఏడాదికి ఎకరాకు 12,000 రూపాయలు, సాగుకు యోగ్యమైన భూమికే. అదే రోజు భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా మొదలైంది. ఇది మొదటిసారి పాస్ పుస్తకం అడగని నగదు సాయం. అయితే దీనికీ ఒక కాగితం కావాలి: ఉపాధి హామీ పనిలో కనీసం 20 రోజుల హాజరు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. వలసను తగ్గించడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. కాని మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, దసరా దాటగానే పూణేకో ముంబైకో వెళ్లి ఉగాదికి తిరిగివచ్చే పాలమూరు కూలీ పేరు ఆ మస్టర్‌లో ఇరవై రోజులు ఉండటం కష్టం.