రాయచూరు కోటలో గోనవారి శిల

ఉగాదికి నలుగురం కూడినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతూనే ఉంటారు: "మనవాళ్లు ఈ సీమకు ఎప్పుడు వచ్చినట్లు?" తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వదలిన తరువాత గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు వేసుకొన్న కుటుంబాలవారికి ఆ కాలువే గురుతు. అంతకుముందు మాట వారి కక్కర లేదు. కాని బడిలో "మీ దే ఊరు?" అని అడిగితే పిల్లలు తడబడుతున్నారు. వారికొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవుగల ఏకశిల ఒకటి కలదు. దానిమీద తెలుగు శాసనం చెక్కినారు. కాలం శాలివాహన శకం 1216, అనగా క్రీ.శ. 1294. మన పంచాంగం లెక్కకు అది జయనామ సంవత్సరం. వ్రాయించినవాడు విఠలనాథుడు; అతని ప్రభువు గోన గన్నయరెడ్డి.

గోనవారు కాకతీయుల సామంతులు. వారి రాజధాని వర్ధమానపురం, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణం చెప్పిన బుద్ధారెడ్డి, దాని ఉత్తరకాండ పూర్తిచేసిన కాచవిభుడు, విఠలరాజు ఈ వంశంవారే. ఆ విఠలుడూ ఈ విఠలుడూ ఒకరే నని కొందరు, కాదని కొందరు పండితులు వాదించుకొన్నారు. ఆ వాదం వారికే వదలుదాము.

గన్నారెడ్డి అనగానే మనవారికి గజదొంగ స్ఫురించుతాడు. అడవి బాపిరాజుగారి నవల అట్లా అలవాటు చేసినది. 2015లో వచ్చిన రుద్రమదేవి చలనచిత్రం ఆ ముద్రను మరింత గట్టిపరచినది. పైకి తిరుగుబాటుదారు, లోపల రాణికి నమ్మినబంటు. కథకు సొగసైన కల్పనే. కాని చరిత్రలో నిజమైన తిరుగుబాటు మరొకరిది. కాయస్థ అంబదేవుడు కాకతీయుల సామంతుడై యుండియు ఎదురు తిరిగి దక్షిణాన స్వతంత్రుడైనాడు. పడమటి సేవుణులతోను, దక్షిణాది పాండ్యులతోను చెలిమి కట్టినాడు. 1289లో రుద్రమదేవి మరణించినది. అతనితోడి పోరులోనే నని చరిత్రకారులు పలువురు తలచుచున్నారు. దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు 1291లో త్రిపురాంతకం వైపు సేనలను నడపి అంబదేవుని అణచినాడు. తరువాత అతనికి అండయైన సేవుణుల వంతు వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడిమి సీమ అప్పుడు వారి చేతిలో ఉండినది.

ఆ పని గోనవారిపై పడినది. విఠలుడు ఆదవాని, తుంబళం పట్టుకొని, ఏరు దాటి మానువ, హాలువ కోటలు గెలిచి, చివరకు రాయచూరు ప్రవేశించినట్లు శాసనమే చెప్పుచున్నది. మానువ అంటే మన మాన్వియే! క్యాంపులలోని సోదరులు ప్రతి సంతకూ పోయి వచ్చే ఊరు. గెలిచిన తరువాత పురజనుల రక్షణకై రాతికోట కట్టించినా నన్నాడు. యుద్ధం మాటకంటె మాకు ఈ మాటే నచ్చినది. సామంతు లెందరో అదను చూచి గోడదూకే రోజులలో, ఏలికకోసం పొలిమేర కాచినవారి మాట యిది.

అట్లని కోట అంతా మనదే ననరాదు. బహమనీలు, ఆదిల్‌షాహీలు పెంచినారు. 1520లో కృష్ణదేవరాయలు దీనికొరకే పోరినాడు. వారి వారి వ్రాతలు వారి వారి భాషలలో ఉన్నవి.

మొన్న పిల్లలతో వెళ్లినప్పుడు కన్నడ మిత్రులైన ఉపాధ్యాయు లొకరు మాతో వచ్చినారు. ఆ కాలంలో రెండు భాషల లిపి ఇంచుమించు ఒక్కటే. పాత అక్షరాలను వారు కూడబలుకుకొని చదివినారు, మాకు చేత గాలేదు. అర్థం మేము చెప్పినాము, వారికి తెలియలేదు. ఇద్దరం కలిస్తేగాని ఒక పంక్తి ముందుకు సాగలేదు. పెద్దగా నవ్వుకొన్నాము.

శాసనం ప్రక్కనే బొమ్మ ఒకటి చెక్కినారు: ఆ మహాశిలను చక్రాల బండిమీద కెక్కించి బారులు తీరిన దున్నలు లాగుతున్నవి, మనుష్యులు అదిలిస్తున్నారు. విఠలుని పేరున్నది, గన్నయ పేరున్నది. బండి తోలినవారి పేర్లు లేవు. వారు తెలుగువారో, కన్నడిగులో! పిల్లలు శాసనం వదలి దున్నలను లెక్కపెట్టడం మొదలుపెట్టినారు. ఒకడి లెక్క మరొకడికి కుదరలేదు. మళ్లీ ఆదివారం తీసుకొని పొమ్మని పట్టుపట్టి కూర్చున్నారు.