తల్లి మాట ఏ భాషలో?

1946లో అమెరికన్ ఎక్స్‌రే వైద్యుడు జాన్ కాఫీ ఆరుగురు పసిపిల్లల గురించి రాశాడు. వాళ్ల మెదడు పొరల కింద నెత్తురు చేరింది, కాళ్లూ చేతుల ఎముకలు విరిగాయి. ఎలా జరిగిందో ఇంటివాళ్ల మాటల్లో దొరకలేదు. 1962లో హెన్రీ కెంప్ బృందం అలాంటి గాయాలను ఇంట్లో జరిగే హింసగా గుర్తించింది. బిడ్డను పట్టుకుని బలంగా కుదిపితే పైకి దెబ్బ కనబడకుండానే మెదడులో రక్తస్రావం కావచ్చని 1971లో ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు గుత్‌కెల్చ్ చెప్పాడు.

వాంతులు, మగత, ఫిట్స్, మాడు ఉబ్బడం - జ్వరంలోనూ కనబడే లక్షణాలే. అందుకే కంటి వెనక నెత్తుటి చారలు, ఇంకా పాకని బిడ్డ ఒంటిమీద కమిలిన మచ్చలు, మాటిమాటికీ మారే కథనం కూడా వైద్యులు చూస్తారు. పాశ్చాత్య పరిశోధనల్లో ఈ హింస చేసినవాళ్లలో ఎక్కువమంది తండ్రులు, తల్లి సహచరులైన మగవాళ్లు. మొదటి ప్రశ్న మాత్రం తల్లికే! 2012 ఏప్రిల్‌లో బెంగళూరులో తలకు గాయాలతో మూడునెలల ఆడపిల్ల చనిపోయింది. ఆడపిల్ల పుట్టిందన్న కోపంతో కొట్టాడన్న ఆరోపణపై తండ్రిని అరెస్టు చేశారు.

మరి అరకు కొండల్లో? కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లి, బిడ్డతో ఘాట్ రోడ్డు దిగి విశాఖ పెద్దాసుపత్రికి వస్తుంది. ఆమె మాట మరొకరి తెలుగులో డాక్టరుకు చేరుతుంది. దారిలో ఒక క్రియ మారితే 'పడింది' కాస్తా 'పడేశాను' అవుతుంది. కథనం మారిందని అనుమానించేముందు, మార్చింది ఎవరన్నది అడగొద్దా?

ఇంకో చిక్కు ఉంది. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ అందని బిడ్డకు, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే మెదడులో రక్తస్రావం కావచ్చు. ప్రతి శిశువుకూ అది ఇవ్వాలని మన దేశంలో 2014లో మార్గదర్శకాలు వచ్చాయి. ఇంట్లోనే పురుడు జరిగితే ఆ ఇంజెక్షన్ తప్పిపోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు నేరం వెతకడానికి ముందే రక్తం గడ్డకట్టే పరీక్ష జరగాలి. రక్తస్రావం కనబడినంతనే నేరం రుజువైనట్టు తీర్పులివ్వడంపై 2012లో గుత్‌కెల్చే ఆందోళన వెలిబుచ్చాడు.

అయితే ఈ జాగ్రత్త పేరుతో కొండల్లో హింసే లేదనుకోవడం మరో అన్యాయం. తాగి కొట్టే మగవాడు అక్కడా ఉన్నాడు, ఆ దెబ్బ ఒడిలోని బిడ్డకూ తగులుతుంది. తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి, ఆమె భాష తెలిసిన ఒక స్త్రీ చేత అడిగించాలి. అప్పుడు ఆమె నిందితురాలిగా కాదు, సాక్షిగా మాట్లాడగలుగుతుంది.