మణికట్టు పట్టీ సరైన కోణానికి చేరిన కథ

లండన్‌లోని గైస్ ఆసుపత్రికి ఒక మనిషి వచ్చాడు. మణికట్టు దగ్గర విరిగిన ఎముక అతుక్కుంది కానీ, అతుకు మీద కొత్త ఎముక మితిమీరి పెరిగి మీడియన్ నరాన్ని నొక్కేస్తోంది. బొటనవేలికి, చూపుడు వేలికి, మధ్య వేలికి పుండ్లు పడ్డాయి. ఏ వైద్యానికీ లొంగలేదు. చివరికి అరచేతి వైపు బిగువు సడలేలా మణికట్టుకు కట్టు కట్టారు. పుండ్లు మానిపోయాయి. చేతిని మళ్లీ వాడనివ్వగానే తిరగబెట్టాయి. సర్జన్ జేమ్స్ పేజెట్ 1853లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఈ కేసును నాలుగు ముక్కల్లో చెప్పాడు.

కట్టు కడితే తగ్గింది, పని మొదలెడితే మళ్లీ వచ్చింది. మణికట్టు దగ్గర మీడియన్ నరం నలిగే ఈ జబ్బుకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని పేరు. దానితో బాధపడేవాళ్లకు ఇవాళ ఆక్యుపేషనల్ థెరపిస్టు చేసేదంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది. అయినా వైద్యలోకం ఆ కేసును చాలాకాలం పక్కన పెట్టేసింది.

1880లో బోస్టన్ డాక్టర్ జేమ్స్ పట్నం 37 మంది రోగుల గురించి రాశాడు. ఎక్కువమంది ఆడవాళ్లే. రాత్రి నిద్రలో చేతులు తిమ్మిరెక్కి లేచి కూర్చుంటారు, చెయ్యి విదిలిస్తేనో మంచం పక్కకు వేలాడేస్తేనో కాస్త నెమ్మదిస్తుంది. జబ్బు ఆనవాళ్లను అంత చక్కగా పట్టినవాడు, నరం నలుగుతున్న చోటు మణికట్టేనని మాత్రం తేల్చలేకపోయాడు. 1913లో పారిస్‌లో పియర్ మారీ, చార్లెస్ ఫ్వా 80 ఏళ్ల వృద్ధురాలి శవపరీక్షలో దాన్ని కళ్లారా చూశారు. రెండు చేతుల్లోనూ బొటనవేలి కింది కండ కరిగిపోయి ఉంది. మణికట్టు లిగమెంట్‌కు పైన నరం ఉబ్బింది, దాని కింద సన్నబడింది. ముందే కనిపెడితే ఆ లిగమెంట్‌ను కోసి నరాన్ని కాపాడవచ్చని కూడా వాళ్లు రాశారు. వినిపించుకున్నవాళ్లు లేరు. తిమ్మిరికి మూలం మెడ దగ్గరే ఉందనుకుని సర్జన్లు అక్కడి పక్కటెముకను తీసేసిన రోజులు కూడా ఉన్నాయి. ఇంత స్పష్టమైన మాట అన్నేళ్లు మూలన పడి ఉండటం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

1947లో రసెల్ బ్రెయిన్ బృందం లాన్సెట్‌లో ఆరుగురు స్త్రీల ఆపరేషన్లను వివరించింది. 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో జార్జ్ ఫాలెన్ ఈ జబ్బును డాక్టర్లందరికీ పరిచయం చేశాడు. మణికట్టును నిమిషంపాటు కిందికి వంచి పట్టుకుంటే తిమ్మిరి వస్తుందా అని చూసే పరీక్ష ఆయన పేరు మీదే ఉంది.

ఆపరేషన్ దారి కుదిరింది. పట్టీ సంగతి మాత్రం తేలలేదు. మణికట్టులో చిన్న ఎముకలు కమానులా అమరి ఉంటాయి, దాని మీద లిగమెంట్ పైకప్పు. కార్పల్ టన్నెల్ అనే ఆ ఇరుకు దారిలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం వెళ్తాయి. లోపల ఏది వాచినా నలిగేది నరమే. 1981లో రిచర్డ్ గెల్బర్మన్ బృందం ఆ దారిలోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచింది. మామూలు మనుషుల్లో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, రోగుల్లో 32. రోగి మణికట్టును పూర్తిగా కిందికి వంచితే 94, పైకి వంచితే 110. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, పట్నం రోగులు అర్ధరాత్రి లేవడానికి అదొక కారణం.

అప్పటిదాకా వస్తువు పట్టుకోవడానికి అనువుగా ఉంటుందని పట్టీలో మణికట్టును కాస్త పైకెత్తి ఉంచడం అలవాటు. 1994లో వచ్చిన ఒక పరిశోధనలో 20 డిగ్రీలు పైకెత్తిన పట్టీ కంటే తిన్నగా ఉంచిన పట్టీతోనే రోగులకు ఎక్కువ ఉపశమనం దొరికింది. పేజెట్ చెప్పిన రోగికి అరచేతి వైపు సడలేలా కట్టారు కానీ, అతనిది విరిగిన ఎముక చేసిన ఇబ్బంది కాబట్టి అతనికి కుదిరిన కట్టు అందరికీ కుదరదు.

ఇప్పుడు థెరపిస్టు ఆ పట్టీని రోగి చేతి మీదే తయారుచేస్తుంది. చేతి ఆకారం కాగితం మీద గీసి, ప్లాస్టిక్ రేకును ఆ కొలతకు కత్తిరించి, వేడినీళ్లలో ముంచుతుంది. మెత్తబడ్డ రేకును తుడిచి, ముంజేతి మీద పరిచి, మణికట్టు తిన్నగా ఉండేలా పట్టుకుని గట్టిపడేదాకా కదలనివ్వదు. అరచేతిలో వేళ్లు ముడుచుకునే గీతకు ఈవలే రేకు అంచు ఆగాలి, లేకపోతే పిడికిలి పడదు. రాత్రి పెట్టుకోమంటుంది.

పేజెట్ చెప్పిన కేసులో మిగిలిపోయిన రెండో ముక్క, అంటే పని సంగతి, ఆ తర్వాత మొదలవుతుంది. మన దేశంలో కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ చదువుకు నాంది పలికారు. ఆ చదువు చదివినవాళ్లు రోగిని మొదట అడిగేది ‘రోజంతా ఏం పని చేస్తారు?’ అనే. తడిబట్టలు మెలితిప్పి పిండే ఇల్లాలైతే బట్టను తీగ మీద నీళ్లోడనివ్వమంటారు. కత్తిపిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేయిస్తారు. కీబోర్డు ముందు కూర్చునేవాళ్లకు కుర్చీ ఎత్తు సరిచేసి, మణికట్టు బల్ల అంచుకు ఆనకుండా చూస్తారు. నరం చుట్టుపక్కల అంటుకుపోకుండా కదలడానికి వేళ్లను, మణికట్టును వరసగా చాపించే కసరత్తులూ నేర్పుతారు. గర్భిణుల్లో, థైరాయిడ్, మధుమేహం ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది కాబట్టి ఆ వివరాలూ అడుగుతారు. బొటనవేలి కింద కండ కరగడం మొదలైందంటే పట్టీతో కాలయాపన చేయరు, సర్జన్ దగ్గరికి పంపిస్తారు.