రెండు చెవుల విద్య: గ్రామఫోను నుండి ల్యాప్‌టాప్ వరకు

రేడియోలో రికార్డులు వేయుట నేర్చుకొనువారికి పెద్దలు మొట్టమొదట చెప్పు పాఠ మొకటి కలదు. శ్రోతలకు ఒక పాట వినబడుచుండగనే, తరువాతి పాట ఆరంభమగు చోటును హెడ్‌ఫోనులో వెదకి, ముల్లును అక్కడ నిలిపి సిద్ధముగా నుంచుకొనవలెను. మేము ఈ ఉద్యోగమున చేరునాటికే కంప్యూటర్లు వచ్చినవి. అయినను ఒక సీనియరు అనౌన్సరుగారు మమ్ము పాత గ్రామఫోను యంత్రము ముందు కూర్చుండబెట్టి ఈ విద్య నేర్పిరి. "శ్రోత చెవి వేరు, నీ చెవి వేరు, రెంటిని కలుపకుము నాయనా" అనెడివారు. ల్యాప్‌టాప్‌తో డి.జె. పని చేయుటకు ఏ సాఫ్టువేరు, ఏ పరికరము కొనవలెనని నేడు మమ్మడుగు యువకులకు మేము చెప్పునదియు ఇంచుమించుగా ఇదియే.

డి.జె. అను మాట డిస్క్ జాకీ అనుదానికి సంక్షేపము. ఆ వృత్తి మొదట రేడియోదే. 1927 జూలైలో క్రిస్టఫర్ స్టోన్ అనునతడు లండనునుండి బి.బి.సి.లో రికార్డులు వేయుచు, నడుమ నడుమ ముచ్చటించుట ఆరంభించెను. అప్పుడు పాటకును పాటకును మధ్య మాట యుండెను. ఆ మాటను తొలగించి పాటను పాటతో అతికించినవారు నృత్యశాలలవారు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరపు బ్రాంక్సులో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు మేడలో, జమెయికాలో జన్మించిన కూల్ హెర్క్ అను యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వేసెను. పాటలో గాత్రము ఆగి, డోలు మాత్రమే మ్రోగు కొలది క్షణముల కొరకే జనులు ఎదురుచూచుచున్నారని ఆయన గ్రహించెను. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో ఆ ముక్క ముగియగనే రెండవదానిలో అందుకొని, క్షణములను నిమిషములుగా సాగదీసెను. అదే పేటలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అను మరియొక యువకుడు రెండవ రికార్డును తానొక్కడే వినుటకు వీలగు స్విచ్చిని స్వయముగా అమర్చుకొనెను. మా అనౌన్సరుగారి పాఠమే అక్కడ వేరొక దారిన పుట్టినదన్నమాట.

చేతికి లొంగు యంత్రమును జపానువారు చేసిరి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200లో బెల్టు లేదు. మోటారే పళ్లెమును నేరుగా త్రిప్పును. 1979 నాటి రెండవ నమూనాలో వేగమును నూటికి ఎనిమిది పాళ్లవరకు హెచ్చించుటకు, తగ్గించుటకు ఒక జారుడు మీట వచ్చెను. 2010లో దీని తయారీ ఆపివేసిరి. 2016లో మరల ఆరంభించిరి. అంతటి మక్కువ దానిపై జనులకు!

ఇక కంప్యూటరు సంగతి. పాటలు కంప్యూటరులోనికి చేరినవి గాని, మౌసుతో రికార్డును వెనుకకు ముందుకు ఆడించుట ఎట్లు? ఆమ్‌స్టర్‌డాములోని ఎన్.టూ.ఐ.టి. అను చిన్న సంస్థవారు దీనికి చక్కని యుక్తి పన్నిరి. వారి రికార్డుపై పాట లేదు. కాలమును తెలుపు గుర్తులుగల ఒక ధ్వని మాత్రమే కలదు. ముల్లు ఆ ధ్వనిని కంప్యూటరునకు పంపగా, చేయి ఎక్కడ నున్నదో, ఎంత వేగముగా ఏ దిక్కునకు కదలుచున్నదో సాఫ్టువేరు గుర్తించి, లోపలి పాటను అట్లే నడిపించును. 1998లో ప్రదర్శింపబడిన ఈ సాధనము, కొన్ని ఏండ్లకు ఫైనల్ స్క్రాచ్ అను పేర స్టాంటన్ సంస్థ ద్వారా అంగడికెక్కెను. రిచీ హాటిన్, జాన్ ఆక్వావీవా వంటి ప్రసిద్ధులు దీనిని చేపట్టిరి.

ఇక్కడ తలయెత్తిన చిక్కు ఆలస్యము. కంప్యూటరు ధ్వనిని ధారగా గాక దోసిళ్లతో పోయును. సెకనునకు 44,100 శాంపిళ్లు; దోసిలికి 441 చొప్పున పోసినచో, ఒక్కొక్కదానికి సెకనులో నూరవ వంతు ఆలస్యము. స్పీకరునకు మూడున్నర మీటర్ల దూరమున నిలుచుండుటతో అది సమానము, చెవి ఓర్చుకొనును. దోసిలికి 4,410 అయినచో సెకనులో పదవ వంతు. నిమిషమునకు 120 దెబ్బలు పడు పాటలో అది దెబ్బకు దెబ్బకు నడుమనున్న వ్యవధిలో అయిదవ వంతు. అప్పుడు చేయి ఒకచోట, పాట వేరొకచోట! దోసిలి మరీ చిన్నదైనచో కంప్యూటరు అందుకొనలేక ధ్వని చిటపటలాడును. హాంబర్గులోని స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ప్రవేశపెట్టిన ఏసియో అను పద్ధతి, విండోస్ కంప్యూటర్లలో ఈ జాప్యమును చాలవరకు తగ్గించెను. కావున పెట్టె కొనునప్పుడు దానికి సొంత ఏసియో డ్రైవరు కలదా యని తప్పక అడుగవలెను.

న్యూజీలాండులోని సెరాటో సంస్థ కథ వేరు. బేస్ గిటారు నేర్చుకొనుచున్న ఒక విద్యార్థి పాటను శ్రుతి చెడకుండ నెమ్మదింపదలచి వ్రాసిన ప్రోగ్రాము దానికి మూలము. 2004లో వారు అమెరికాలోని రేన్ సంస్థతో కలిసి స్క్రాచ్ లైవ్ అను సాధనము తెచ్చిరి. సాఫ్టువేరునకు వేరే వెల లేకుండెను. కాని రేన్ పెట్టె లేనిదే అది పనిచేయకుండెను. ఈ ముడి వలన పరికరము నమ్మకముగా నడిచెను, నిజమే. అయితే ముడి విడిపోయినప్పుడు కొన్నవాని గతి యేమి? బెర్లినులోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన ట్రాక్టర్ సాఫ్టువేరును ఫైనల్ స్క్రాచ్‌తో జతపరచి, 2006లో ఆ పొత్తు వదలుకొని, మరుసటి యేట తన సొంత పెట్టెతో వచ్చెను. ఏ పెట్టె ఏ సాఫ్టువేరునకు కట్టుబడియున్నదో చూడక ధనము వెచ్చించుట మా దృష్టిలో దుస్సాహసము. 2001లో కోపెన్‌హేగనులో టూ హేస్ట్ ఆండర్సన్ అను పరిశోధకుడు ఆరంభించిన మిక్స్ అను సాఫ్టువేరునకు ఇట్టి బంధము లేదు, వెలయు లేదు. నేర్చుకొనువారు దానితో మొదలుపెట్టుట మంచిదని మా అభిప్రాయము.

మా మిత్రుని ఇంట పెండ్లి విందులో ఒక అబ్బాయి ల్యాప్‌టాప్‌కున్న ఒక్క రంధ్రమునుండియే స్పీకర్లకు తీగ తగిలించెను. తరువాతి పాటను వెదకబోగా రెండు పాటలును కలిసి పందిరంతయు వినబడెను. దానిపై ఈమెయిలు వచ్చిన గంట కూడ గణగణ మ్రోగెను. పెండ్లికూతురు తాతగారు భోజనము మాని లేచి వచ్చిరి! పాపమా అబ్బాయి కొన్న సాఫ్టువేరు ఖరీదైనదే. లోపించినది నాలుగు ధ్వని మార్గములుగల ఆడియో ఇంటర్‌ఫేస్: సభకు రెండు, హెడ్‌ఫోనునకు రెండు. అతడు అటుపిమ్మట మా ఇంటికి వచ్చి, తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోను సరిపోవునా అని అడిగెను. దాని ఆలస్యము ఇంకను హెచ్చనియు, తీగ ఉన్నదే కొనుమనియు చెప్పి పంపితిమి.